తులనాత్మక సాహిత్యం: ఈ డిగ్రీ ఏమిస్తుంది, ఏమివ్వదు?



పదో తరగతి చివరికి వచ్చేసరికి చాలా ఇళ్లలో చర్చ ఒక్కటే: ఎంపీసీనా, బైపీసీనా? కొన్ని ఇళ్లలో మాత్రం పిల్లలు వేరే మాట చెబుతారు. లైబ్రరీ పీరియడ్ కోసం ఎదురుచూసే అమ్మాయి, స్కూల్ మ్యాగజైన్‌కు రెండు భాషల్లోనూ రాసే అబ్బాయి "నేను సాహిత్యం చదువుతాను" అంటారు. అప్పుడు అమ్మానాన్నలకు వచ్చే మొదటి సందేహం: చదివాక ఉద్యోగం ఏమిటి?

అడగాల్సిన ప్రశ్నే అది. సాహిత్య కోర్సుల్లో మన ఇళ్లలో ఎక్కువగా వినిపించని తులనాత్మక సాహిత్యం, అంటే కంపారెటివ్ లిటరేచర్ గురించి ఈ నెల తెలుసుకుందాం. ఏం నేర్పుతారు, ఎక్కడ నేర్పుతారు, చదివినవారికి ఏ దారులున్నాయి, చేరే ముందు ఏం చూసుకోవాలి అన్నవి వరుసగా చూద్దాం.

అసలు ఏమిటీ సబ్జెక్టు?

ఎం.ఏ. తెలుగులో ప్రధానంగా తెలుగు సాహిత్యం, ఎం.ఏ. ఇంగ్లిష్‌లో ప్రధానంగా ఇంగ్లిష్ సాహిత్యం చదువుతారు. తులనాత్మక సాహిత్యంలో రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషల సాహిత్యాన్ని పక్కపక్కన పెట్టి చదువుతారు. ఒక కథ ఒక భాష నుంచి మరో భాషకు, పుస్తకం నుంచి నాటకానికో సినిమాకో వెళ్లినప్పుడు ఏం మారింది, ఎందుకు మారింది అని పరిశీలిస్తారు. రెండు పుస్తకాల్లో ఏది గొప్పదో తేల్చడం ఈ సబ్జెక్టు పని కాదు.

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. 11వ శతాబ్దంలో నన్నయ సంస్కృత మహాభారతాన్ని తెలుగులోకి తేవడంతోనే మన కావ్య సాహిత్యం మొదలైందని పిల్లలు పాఠాల్లో చదువుకుంటూనే ఉన్నారు. వాల్మీకి రామాయణం, తమిళంలో కంబ రామాయణం, తెలుగులో రంగనాథ రామాయణం, మొల్ల రామాయణం మన ముందున్నాయి. కథ ఒకటే అయినా చెప్పిన తీరు ఒకటి కాదు. ఆ తేడాలను పద్ధతిగా చదవడమే ఈ సబ్జెక్టు.

క్లాసులో ఏం జరుగుతుంది? ఒక ఉదాహరణ

కందుకూరి వీరేశలింగం రాసిన 'రాజశేఖర చరిత్రము' పేరు చాలామంది విన్నదే. 1878లో ఆయన పత్రిక 'వివేకవర్ధని'లో ధారావాహికగా మొదలై, 1880లో పుస్తకంగా వచ్చింది. ఐరిష్ రచయిత ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన ఇంగ్లిష్ నవల 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' దీనికి ప్రేరణ.

తెలుగు క్లాసులో అయితే 'రాజశేఖర చరిత్రము'ను తొలి తెలుగు నవలల్లో ఒకటిగా చదువుతారు. తులనాత్మక సాహిత్యం క్లాసులో రెండు నవలలూ బల్లమీద పెట్టి ప్రశ్నలు మొదలుపెడతారు.

ఇంగ్లిష్ నవలలో ప్రింరోజ్ ఒక చర్చి గురువు. తన సొమ్ము దాచుకున్న వ్యాపారి పారిపోవడంతో ఆస్తి పోగొట్టుకుంటాడు. తెలుగు నవలలో రాజశేఖరుడు గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలో ఉండే సంపన్న గృహస్థు. ఆయన ఆస్తి కరిగిపోవడానికి కారణాలు వేరు: చుట్టూ చేరిన పొగడ్తల రాయుళ్లు, మూఢనమ్మకాలు, స్వర్ణవిద్య పేరుతో జరిగిన మోసం. కుటుంబం కష్టాల్లో పడి తిరిగి కోలుకోవడం రెండింటిలోనూ ఉంది. మరి కష్టానికి కారణాన్ని వీరేశలింగం ఎందుకు మార్చారు? ఆయన సంఘ సంస్కర్త. పరాయి మనిషి చేసిన ద్రోహం కంటే, మన ఇంట్లో మనమే పెంచి పోషించిన నమ్మకాలు ఎలా ముంచుతాయో పాఠకుడికి చూపడం ఆయనకు ముఖ్యం. తెచ్చుకున్న అచ్చును తన ఊరి అవసరానికి తగ్గట్టు మలుచుకున్నారు.

కథ అక్కడితో ఆగలేదు. ఈ తెలుగు నవలను జె.ఆర్. హచిన్సన్ ఇంగ్లిష్‌లోకి అనువదించగా 1887లో లండన్‌లో 'ఫార్చూన్స్ వీల్' పేరుతో వెలువడింది. హిందూ గృహ జీవితపు కథ అన్నది దాని ఉపశీర్షిక. రాజమండ్రి పాఠకుడికి సంస్కరణ పాఠంగా ఉన్న పుస్తకం, లండన్ పాఠకుడి చేతికి వెళ్లేసరికి భారతీయ కుటుంబాన్ని తెలుసుకునే సాధనమైంది. ఇంగ్లిష్ నుంచి ప్రేరణ పొందిన తెలుగు నవల మళ్లీ ఇంగ్లిష్‌లోకి వెళ్లిన ప్రయాణం ఇది. విద్యార్థి ఈ ప్రయాణం మొత్తాన్ని రెండు భాషల్లో చదివి, సొంత మాటల్లో ఇరవై పేజీల వ్యాసం రాయాలి. ఈ కోర్సులో పరీక్ష అంటే చాలావరకు ఇలాంటి రాతే. గైడ్ కొని బట్టీ పడితే సాగదు.

సినిమా కూడా పాఠమే. శరత్‌చంద్ర 'దేవదాస్' 1917లో వచ్చిన బెంగాలీ నవల. 1953లో అక్కినేని నాగేశ్వరరావు నటించిన 'దేవదాసు' చూసిన మన పెద్దలకు అది అచ్చమైన తెలుగు కథే. రెండేళ్లకే హిందీలో దిలీప్‌కుమార్‌తో వచ్చింది. ఒకే దుఃఖం మూడు భాషల్లో ఎలా సొంతమైందన్నది ఒక సెమిస్టర్‌కు సరిపడే ప్రశ్న.

ఈ చదువులో అబ్బే నైపుణ్యాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే ఇదీ: ఒక విషయం ఒకచోటి నుంచి మరోచోటికి, ఒక భాష నుంచి మరో భాషకు వెళ్లేటప్పుడు ఏం మార్చాలి, ఏం మార్చకూడదు అన్న విచక్షణ. కింద చెప్పబోయే ఉద్యోగాల్లో చాలావరకు ఈ విచక్షణకే జీతం.

మన దేశంలో ఎలా మొదలైంది?

1907లో కలకత్తాలో జాతీయ విద్యా మండలి రవీంద్రనాథ్ ఠాగూర్‌ను కంపారెటివ్ లిటరేచర్ మీద మాట్లాడమని కోరింది. ఆయన ఆ ఇంగ్లిష్ పేరు పక్కనపెట్టి 'విశ్వ సాహిత్యం' అన్న పేరుతో ప్రసంగించారు. అదే మండలి నుంచి ఎదిగిన జాదవ్‌పూర్ యూనివర్సిటీలో 1956లో దేశంలోనే మొదటి తులనాత్మక సాహిత్య విభాగం ఏర్పడింది. ప్రముఖ బెంగాలీ కవి బుద్ధదేవ్ బోస్ దాని వ్యవస్థాపకుడు. తొలి విద్యార్థుల్లో ఒకరైన నవనీతా దేవ్ సేన్ అమెరికాలో ఉన్నత చదువు ముగించి, అదే విభాగంలో పాఠాలు చెప్పారు. రచయిత్రిగా సాహిత్య అకాడమీ అవార్డు, పద్మశ్రీ అందుకున్నారు.

ఎక్కడ చదవవచ్చు?

- జాదవ్‌పూర్ యూనివర్సిటీ, కోల్‌కతా: బి.ఏ. ఆనర్స్ స్థాయి నుంచే ఈ సబ్జెక్టు ఉన్న అరుదైన చోటు. ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి ఫీజు చాలా తక్కువ. అడ్మిషన్ ప్రకటన యూనివర్సిటీయే ఇస్తుంది.
- హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ: గచ్చిబౌలిలో 1988 నుంచి తులనాత్మక సాహిత్య కేంద్రం ఉంది. ఎం.ఏ., పీహెచ్‌డీ చేయవచ్చు. ఎం.ఏ. ప్రవేశం సీయూఈటీ పీజీ ద్వారా.
- ఇఫ్లూ, హైదరాబాద్: ఇంగ్లిష్‌తోపాటు ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, జపనీస్, రష్యన్, అరబిక్ వంటి భాషల్లో డిగ్రీలు ఉన్నాయి. మూడో భాష నేర్చుకోవాలనుకునేవారికి మనకు దగ్గరలో ఉన్న మంచి అవకాశం.
- ఢిల్లీ యూనివర్సిటీ: ఎం.ఏ. కంపారెటివ్ ఇండియన్ లిటరేచర్. మన దేశ భాషల సాహిత్యాలను కలిపి చదివే కోర్సు.
- సెంట్రల్ యూనివర్సిటీ ఆఫ్ కేరళ, కాసరగోడ్: ఇంగ్లిష్, తులనాత్మక సాహిత్యం కలిపి ఎం.ఏ.
- ద్రావిడ విశ్వవిద్యాలయం, కుప్పం: దక్షిణాది భాషల తులనాత్మక అధ్యయనం కోసం 1997లో ఏర్పడింది. తెలుగు, తమిళం, కన్నడం కలిసే ఊళ్లో యూనివర్సిటీ ఉండటం విద్యార్థికి అదనపు లాభం.

మన ప్రాంతంలో ఈ సబ్జెక్టు ఎక్కువగా పీజీలో మొదలవుతుంది. కాబట్టి డిగ్రీలో ఇంగ్లిష్, తెలుగు, చరిత్ర, జర్నలిజం, విదేశీ భాష వంటి కాంబినేషన్ తీసుకుని, ఆపై ఎం.ఏ.కు రావడం సాధారణ దారి. అర్హతలు, సీట్లు ఏటా మారుతుంటాయి. యూనివర్సిటీ అధికారిక ప్రకటన చూశాకే నిర్ణయం తీసుకోండి.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి?

ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఇంజినీరింగ్ కాలేజీల్లోలా కంపెనీలు క్యాంపస్‌కు వచ్చి తులనాత్మక సాహిత్యం విద్యార్థులను బృందాలుగా తీసుకెళ్లవు. "తులనాత్మక సాహిత్యం చదివినవారు కావలెను" అన్న ప్రకటన కూడా బోధన రంగంలో తప్ప కనబడదు. ఈ చదువుకు మరో నైపుణ్యం జతపడినప్పుడే మంచి ఉద్యోగం వస్తుంది. ఒక్కో దారిని అలాగే చూడాలి.

1. బోధన, పరిశోధన. యూజీసీ నెట్‌లో తులనాత్మక సాహిత్యం ప్రత్యేక సబ్జెక్టుగా ఉంది. జేఆర్‌ఎఫ్ సాధించి పీహెచ్‌డీలో చేరితే 2023 నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000 ఫెలోషిప్ వస్తుంది. ఇంటి అద్దె భత్యం అదనం. యూజీసీ ఏడో వేతన స్కేలు ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం రూ.57,700తో మొదలవుతుంది. అయితే ప్రత్యేక విభాగాలున్న యూనివర్సిటీలు దేశంలో కొన్నే. పోస్టులు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి 30 ఏళ్లు వస్తాయని ముందే లెక్కవేసుకోవాలి.

2. అనువాదం, సంపాదకత్వం. మన భాషల నుంచి వచ్చే అనువాదాలకు ప్రపంచంలో గుర్తింపు పెరిగింది. 2022లో గీతాంజలి శ్రీ హిందీ నవలకు, 2025లో బాను ముష్తాక్ కన్నడ కథలకు ఇంటర్నేషనల్ బుకర్ ప్రైజ్ వచ్చింది. 50,000 పౌండ్ల బహుమతిని రచయిత, అనువాదకులు సగం సగం పంచుకుంటారు. కన్నడ కథలను అనువదించిన దీపా భస్తి ఆ బహుమతి పొందిన తొలి భారతీయ అనువాదకురాలు. తెలుగు విషయానికొస్తే, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ అనువదించిన అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'ను 2015లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. ఇవి శిఖరాలు. కేవలం సాహిత్య అనువాదంతో ఇల్లు గడిచేవారు చాలా తక్కువ. ఎక్కువమంది ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గానో, పత్రికలోనో, కాలేజీలోనో పనిచేస్తూ అనువాదం కొనసాగిస్తారు.

3. మీడియా, ఓటీటీ, లోకలైజేషన్. సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ స్క్రిప్టులు, యాప్‌లలో కనిపించే తెలుగు, ప్రకటనల కాపీ, ఎడ్యుకేషన్ కంపెనీల పాఠ్యాంశాలు ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ డిగ్రీ పేరు కంటే శాంపిల్ పని చూపించమంటారు. డిగ్రీ మొదటి ఏడాది నుంచే చేసిన పనిని దాచుకోవడం తప్పనిసరి.

4. భాషా సాంకేతికత. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన 'భాషిణి' వంటి కార్యక్రమాలు, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఏళ్లుగా జరుగుతున్న యంత్రానువాద పరిశోధన ఈ రంగానికి ఉదాహరణలు. మామూలు అనువాదాన్ని ఇప్పుడు యంత్రం నిమిషంలో చేసేస్తోంది. మామూలుగా మాత్రమే అనువదించగలవారికి ఇది నష్టం. యంత్రం చేసిన తప్పు పట్టుకోగలవారికి, ఆ తప్పు ఎందుకు వచ్చిందో చెప్పగలవారికి ఇక్కడ పని ఉంది. దీనికి భాషతోపాటు కొంత కోడింగ్, భాషాశాస్త్రం తోడవ్వాలి.

5. సివిల్స్, ఇతర పోటీ పరీక్షలు. సివిల్స్ మెయిన్స్‌లో తులనాత్మక సాహిత్యం ఆప్షనల్‌గా లేదు. తెలుగు సాహిత్యం, ఇంగ్లిష్ సాహిత్యం ఉన్నాయి. ఆప్షనల్‌కు 500 మార్కులు, వ్యాసానికి 250 మార్కులు. మెయిన్స్ రాత పరీక్షలో లెక్కలోకి వచ్చే 1750లో ఈ రెండే 750. 2016 సివిల్స్‌లో ఆలిండియా 3వ ర్యాంకు సాధించిన శ్రీకాకుళం జిల్లావాసి రోణంకి గోపాలకృష్ణ ఆప్షనల్ తెలుగు సాహిత్యమే. బ్యాంకు పరీక్షలు, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, ఎంబీఏ ఎంట్రన్స్‌లకు కూడా ఏ డిగ్రీ అయినా సరిపోతుంది.

చేరే ముందు ఈ మూడు చూసుకోండి

మొదటిది, అర్హత సమస్య. జూనియర్ లెక్చరర్, టీచర్ పోస్టుల ప్రకటనల్లో "సంబంధిత సబ్జెక్టులో పీజీ" అని అడుగుతారు. తులనాత్మక సాహిత్యం ఎం.ఏ.ను తెలుగుకో, ఇంగ్లిష్‌కో సమానంగా పరిగణిస్తారని ముందే అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ హిందీ అనువాదకుల పోస్టులకు కూడా హిందీ లేదా ఇంగ్లిష్ పీజీ ప్రధానంగా అడుగుతారు. ప్రభుత్వ బోధన ఉద్యోగమే లక్ష్యమైతే ఎం.ఏ. తెలుగు లేదా ఎం.ఏ. ఇంగ్లిష్ చేసి, పీహెచ్‌డీలో తులనాత్మక అంశం ఎంచుకోవడం క్షేమం.

రెండోది, అమెరికా లెక్క. చాలా కుటుంబాల్లో "ఎం.ఎస్.కు పంపినట్టే దీనికీ పంపుదాం" అనుకుంటారు. ప్రస్తుత నిబంధనల ప్రకారం స్టెమ్ కోర్సులు చదివినవారికి ఓపీటీ మొత్తం 36 నెలలు. తులనాత్మక సాహిత్యం స్టెమ్ కాదు కాబట్టి 12 నెలలే. అప్పు చేసి మాస్టర్స్‌కు పంపితే ఆ అప్పు తీరే వ్యవధి చాలదు. పీహెచ్‌డీ అయితే వేరు. పెద్ద యూనివర్సిటీలు సాధారణంగా ఫీజు మాఫీతోపాటు స్టైపెండ్ ఇస్తాయి. పోటీ మాత్రం తీవ్రం.

మూడోది, ఎవరికి ఇది తగదన్నది. లెక్కలు రావడం లేదు కాబట్టి సాహిత్యంలో చేర్పిద్దాం అనుకుంటే పిల్లలు ఇక్కడా ఇబ్బంది పడతారు. వారానికి రెండు మూడు పుస్తకాలు చదవాల్సిన కోర్సు ఇది. చదవడం ఇష్టమైనవారికే ఇందులో చోటు.

తయారీ ఇప్పుడే మొదలవ్వాలి

ఈ సబ్జెక్టుకు పెట్టుబడి రెండు భాషలపై గట్టి పట్టు. మన పిల్లలకు ఇంగ్లిష్ స్కూల్లో అబ్బుతోంది. రెండో భాష ఇంట్లో సిద్ధంగా ఉన్నా, మనమే దాన్ని సన్నగిల్లనిస్తున్నాం. తెలుగు మాట్లాడగలరు కానీ పేజీ చదవలేని పిల్లలు మన తరగతుల్లోనూ ఉన్నారు.

ఇంటర్‌లో మార్కుల కోసం తెలుగు వదిలి సంస్కృతం తీసుకోవడం మామూలైపోయింది. సంస్కృతాన్ని నిజంగా నేర్చుకుంటే ఈ సబ్జెక్టుకు అది గొప్ప బలం. పరీక్ష కోసం నాలుగు పాఠాలు గుర్తుపెట్టుకుని వదిలేస్తే తెలుగూ పోతుంది, సంస్కృతమూ రాదు. సాహిత్యం వైపు మొగ్గు ఉన్న పిల్లల విషయంలో ఈ నిర్ణయం ముందు ఒక్కసారి ఆగి ఆలోచించండి.

ఇంట్లో చేయదగినవి కొన్ని:

- 6, 7 తరగతులు: ఒకే కథను రెండు భాషల్లో చదివించండి. పంచతంత్రం, తెనాలి రామకృష్ణ కథలు రెండింటిలోనూ సులువుగా దొరుకుతాయి.
- 8, 9 తరగతులు: తెలుగు సినిమాను ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో చూస్తూ, సరిగా కుదరని మాటలు నోట్‌బుక్‌లో రాయించండి. "ఎంగిలి", "అలక", "మేనరికం" లాంటి మాటలకు ఇంగ్లిష్‌లో ఒక్క మాట దొరకదు. ఎందుకు దొరకదో నాలుగు వాక్యాలు రాయమనండి.
- 10వ తరగతి, ఇంటర్: వారానికి ఒక తెలుగు సంపాదకీయాన్ని ఇంగ్లిష్‌లోకి, ఒక ఇంగ్లిష్ వార్తను తెలుగులోకి రాయించండి. తర్వాత యంత్రానువాదంతో పోల్చి తేడాలు గుర్తించమనండి.
- సెలవుల్లో: తాతయ్య, అమ్మమ్మ చెప్పే కథలను వాళ్ల యాసలోనే రాయించండి.

ఏడాదిపాటు ఇవి ఇష్టంగా చేస్తే ఆ పిల్లలకు ఈ దారి సరిపడుతుందని చెప్పవచ్చు. రెండు నెలలకే విసుగొస్తే అది కూడా ఫీజు కట్టకముందే తెలిసిన మంచి సమాచారం.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

*ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి?*
ఏ గ్రూపు అయినా ఫర్వాలేదు. హెచ్ఈసీ, సీఈసీలో చదవడానికి సమయం ఎక్కువ దొరుకుతుంది. ఎంపీసీ చదివితే తర్వాత భాషా సాంకేతికత వైపు వెళ్లడం సులువు.

*బీటెక్ చేసి తర్వాత ఇటు రావచ్చా?*
ఏ డిగ్రీతోనైనా ప్రవేశం ఇచ్చే ఎం.ఏ. కోర్సు అయితే రావచ్చు. కోర్సువారీగా అర్హత చూసుకోండి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్‌ను భాషాశాస్త్రంతో కలిపి చదివే డ్యూయల్ డిగ్రీ కూడా ఉంది.

*జీతం ఎప్పుడు స్థిరపడుతుంది?*
బీటెక్ చదివినవారితో పోలిస్తే ఆలస్యంగానే. మొదటి కొన్నేళ్లు చిన్న జీతానికి, ఫ్రీలాన్స్ పనికి సిద్ధపడాలి. ఇంటి పరిస్థితి అందుకు వీలివ్వకపోతే, ముందు ఉపాధినిచ్చే డిగ్రీ చేసి, తర్వాత ఎం.ఏ.కు రావడంలో తప్పు లేదు.

ఈ విషయంపై పిల్లలతో మాట్లాడేటప్పుడు "దీనికి ఉద్యోగాలు లేవు" అని కొట్టిపారేయకండి, "నీ ఇష్టం" అని వదిలేయకండి. వాళ్లకు ఎన్ని భాషలు నిజంగా వచ్చు, ఏం రాయగలరు, దానికి జతగా ఏం నేర్చుకోవాలి అన్న లెక్క కలిసి వేయండి. మీ పిల్లలు రెండు భాషల్లో రాసిన ఒక్కో పేజీని వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకొస్తే, మన తెలుగు, ఇంగ్లిష్ టీచర్లు చదివి అభిప్రాయం చెబుతారు.